ఇల్లు మఱువని పక్షి: కొండసీమలో పావురముల పెంపకము, పందెములు

గత మాసమున అరకులోయలోని యొక సహకార సంఘ సమావేశమునకు మేము పోయియుండగా ఒక యువ సభ్యుడు లేచి యిట్లు ప్రశ్నించెను: "అయ్యా! బెల్జియము దేశములో ఒక్క పావురము 16 లక్షల యూరోలకు అమ్ముడుపోయినదట. మనము కోళ్లను పెంచుచున్నాము, మేకలను పెంచుచున్నాము. పందెపు పావురములను పెంచుటకు సంఘము అప్పిచ్చునా?"

కొందఱు నవ్విరి. మేము నవ్వలేదు. ఆతడు వినిన వార్త నిజమైనదే. 2020 నవంబరులో న్యూ కిమ్ అను రెండేండ్ల ఆడుపావురమును చైనా దేశీయు డొకడు వేలములో ఆ ధరకే కొనెను. నిజమైన వార్తను విని అడిగిన ప్రశ్నకు నిజమైన సమాధానమే చెప్పవలెను. కావున ఇల్లు చేరు పావుర మన నేమి, దాని నెట్లు పెంచవలెను, పందెమెట్లు జరుగును, మన కొండసీమలో దానివలన వచ్చునది యెంత, పోవునది యెంత అను సంగతులను వరుసగా వ్రాసి, తుదకు అప్పు మాట చెప్పెదము.

మన పొరుగున జరిగిన పని

ఈ పక్షి మన కొండలకు క్రొత్తది కాదు. మన పొరుగుననున్న కొరాపుట్టు సీమ 1936 వఱకు విశాఖపట్టణ మండలములోనిదే. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడగా అందు చేరినది. ఆ కొరాపుట్టులోనే 1946లో పోలీసు శాఖవారు సైన్యమునుండి 200 పావురములను పొంది, వార్తలు పంపు పనిని మొదట పరీక్షించిరి. కారణము మనకు తెలియనిది కాదు. కొండలలో తంతి స్తంభములు లేవు. వానకాలమున గెడ్డలు పొంగినచో త్రోవలు తెగును. దినమంతయు నడచిన గాని చేరరాని ఠాణాకు పక్షి గంటలోపల చేరును.

పరీక్ష ఫలించెను. ఆ సేవకు కటకము ప్రధాన స్థానమయ్యెను. 1948 ఏప్రిల్ 13న ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ సంబల్‌పూరునుండి కటకములోని అధికారులకు తన బహిరంగసభ యేర్పాట్లను గూర్చిన సందేశమును పావురము ద్వారముననే పంపెను. 1982 వరదలలోను, 1999 అక్టోబరులో వచ్చిన పెనుతుపానులోను టెలిఫోనులు మూగవోయినప్పుడు ఈ పక్షులే వార్తలను మోసినవి. 1989లో భారత తపాలా శాఖవారు వీని పేర ఒక బిళ్లను వెలువరించిరి. తరువాత నిస్తంత్రి యంత్రములును చేతి ఫోనులును వ్యాపించినవి. పక్షులపై వ్యయము అనవసరమని తోచి 2008 నాటికి ఆ సేవను విరమించిరి.

ఇట్టి పని ఐరోపాలో అంతకు నూఱేండ్లకు ముందే జరిగినది. 1850లో రాయిటర్ అను వార్తల వ్యాపారి, ఆకెన్, బ్రస్సెల్సు నగరముల నడుమ తంతి లేని మేర పావురములచేత ధరవరలను పంపించెను. తంతి వేసిన వెంటనే పావురముల పని తీఱినది. కొరాపుట్టులో జరిగినదియు నంతే. ఈ సంగతిని సభ్యులు గుర్తుంచుకొనవలెను. లెక్క చెప్పునప్పుడు మరల దీని యొద్దకు వత్తుము.

ఒక భ్రమ, మా అనుభవము

పావురము మనము పంపిన చోటికెల్ల పోవునని చాలమంది తలంతురు. అది తప్పు. అది తన యింటికి మాత్రమే పోవును. పాడేరునుండి అరకునకు వార్త రావలెనన్నచో, అరకులో పెరిగిన పక్షిని బుట్టలో పెట్టి ముందుగా పాడేరునకు మోసికొనిపోవలెను. అచ్చట విడిచినచో అది అరకునకు వచ్చును. తిరిగి పంపవలెనన్న మరల మోయవలసినదే. ఒకచోట మేతను, వేఱొకచోట గూటిని అలవాటు చేసి, రెండు చోట్లకును పోవచ్చునట్లు కొన్ని పక్షులను తీర్చవచ్చును గాని, అది మిక్కిలి ఓర్పుతోను, కొద్ది దూరములందును మాత్రమే సాధ్యమగును.

ఈ సత్యమును మేము పైకము చెల్లించి నేర్చుకొంటిమి. పది యేండ్లకు ముందు పట్టణమునందొక పెంపకదారుని యొద్ద ఎదిగిన జతను కొని కొండపైకి తెచ్చితిమి. మూడు వారములు గూటిలో మూసియుంచి, మంచి మేత పెట్టి, ఇక మచ్చికయైనవని తలచి ఒకనాటి యుదయమున తలుపు తీసితిమి. మగపక్షి మా యింటి కప్పుపై మూడుమార్లు తిరిగి, గాలికొండవైపు చూచుకొని మాయమయ్యెను. ఆడుదియు దాని వెంటనే పోయెను. ఆ సాయంకాలమునకే రెండును తమ పాత గూటికి చేరినవి. అమ్మినవాడు సత్యవంతుడగుటచే కబురు చేసి, పక్షులను తిరిగి యిచ్చుచు, "అయ్యా, మీరు పక్షిని కొన్నారు గాని దాని యింటిని కొనలేదు" అని చెప్పెను. ఆ జతను మరల విడువక గూటిలోనే యుంచి పిల్లలను తీయించితిమి. ఆ పిల్లలకు మాయిల్లే యిల్లయ్యెను.

కావున మొదటి సూత్రమిది: విడిచి యెగురవేయుటకు ఎదిగిన పక్షిని కొనరాదు. అప్పుడే తిండి తినుట నేర్చిన, ఇంకను గూడు వెడలి యెగురని పిల్లను కొనవలెను. లేదా ఎదిగిన జతను కొని పిల్లలకొఱకు మాత్రమే యుంచుకొనవలెను.

త్రోవ ఎట్లు తెలియును?

శాస్త్రజ్ఞులు దీనిపై నూఱేండ్లనుండి వాదించుచున్నారు. పరీక్షలవలన కొన్ని సంగతులు స్థిరపడినవి. పక్షి దేహములో ఒక గడియారము వంటి జ్ఞానము కలదు. పొద్దు ఏ వేళ ఏ దిక్కున నుండునో దానికి తెలియును. కొన్ని పక్షులను చీకటిగదిలో నుంచి, దీపములు వెలిగించు వేళలను మార్చి, వాని గడియారమును ఆఱు గంటలు తప్పించిరి. వానిని ఎండలో విడువగా అవి వృత్తములో నాల్గవ వంతు ప్రక్కదిక్కునకు పోయినవి. సూర్యుడే దిక్సూచి యని దీనివలన తేలినది.

మబ్బు పట్టినదినమున మాట వేఱు. 1971లో అమెరికా దేశమున కీటన్ అను శాస్త్రజ్ఞుడు పక్షుల వీపున చిన్న అయస్కాంతములను కట్టి విడిచిన పరీక్షలను ప్రకటించెను. ఎండలో అవి తిన్నగా పోయినవి. మబ్బులో త్రోవ తప్పినవి. భూమియొక్క అయస్కాంతశక్తియు పక్షికి దారి చూపునని దీని భావము. 1972లో ఇటలీలో పాపీ అను నాతడును ఆతని సహచరులును, వాసన తెలియకుండ చేసిన పక్షులు తెలియని చోటనుండి ఇల్లు చేరలేకపోయినవని చూపిరి. ఇంటికి దగ్గఱ వచ్చిన పిమ్మట కొండలు, ఏఱులు, రోడ్లు మున్నగు గుర్తులను పట్టుకొని వచ్చును.

రైతునకు దీనివలన తెలియవలసినది ఏమన: మంచు క్రమ్మిన వేళ, దట్టమైన మబ్బులో, సంధ్యవేళ పక్షిని విడువరాదు. మన లోయ సముద్రమట్టమునకు మూడువేల అడుగుల యెత్తున నున్నది. పుష్యమాసమున ఉదయము చాలసేపటి వఱకు చేయి చాచిన కానరాని మంచుండును. అట్టి వేళ తొందరపడి విడిచినవాడు పక్షిని పోగొట్టుకొనుట నిశ్చయము.

గూడు, మేత

ఆఱు జతలకు ఆఱడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మనిషి నిలుచునంత యెత్తు గల గూడు చాలును. నేలకు మూడడుగుల పైని గుంజలపై కట్టి, గుంజలకు నున్నని రేకు చుట్టవలెను. అప్పుడు ఎలుక, పిల్లి, పాము ఎక్కలేవు. ముఖము తూర్పునకుండవలెను, నైరుతి వానగాలి తగులు ప్రక్కను మూసివేయవలెను. గాలి యాడవలెను గాని జల్లు పడరాదు. చలికంటె తేమయే పావురమునకు ఎక్కువ హాని చేయును. పక్షులు లోనికి వచ్చుటకు, లోపలివైపునకు మాత్రమే త్రోసికొనిపోవు సన్నని కడ్డీల తలుపు నమర్చవలెను. గ్రుడ్లు పెట్టుటకు ఒక్కొక్క జతకు ఒక మట్టిమూకుడు చాలును. గూడల్లుకొనుటకు ఎండిన కొండచీపురు పుల్లలను ముక్కలు చేసి యుంచినచో అవియే యేరుకొనును.

ఒక పక్షి దినమునకు సుమారు 30 గ్రాముల గింజలు తినును. మన పొలములో పండునవే చాలును: జొన్న, మొక్కజొన్న, చోళ్లు, సామలు ఒక పాలు ఎక్కువగాను, కందులు, పెసలు, ఉలవలు ఒక పాలు తక్కువగాను కలిపి పెట్టవలెను. వలిసెలు నూనెగింజలగుటచే ఈకలకు మెఱుగునిచ్చును. వారమునకు రెండుమార్లు చిటికెడు మాత్రము వేయవలెను. బూజు పట్టిన గింజ విషమని యెఱుగుడు. పావురమునకు పండ్లు లేవు గనుక గింజను నలుగగొట్టుటకు ముతక ఇసుక, ఇటుక నలుసులు, గుల్లపొడి, బొగ్గుముక్కలు, కొంచెము ఉప్పు కలిపి వేఱొక చిప్పలో నుంచవలెను. త్రాగునీటిని దినమునకు రెండుమార్లు మార్చవలెను. వారమున కొకసారి వెడల్పు పళ్లెములో నీరు పోసినచో స్నానము చేయును.

జత కట్టుట, పిల్లలు

పావురములు సాధారణముగా ఒకే జతతో కాలము గడపును. ఆడుది రెండు గ్రుడ్లు పెట్టును; మొదటిదానికిని రెండవదానికిని సుమారు రెండు దినముల యెడము. పగలు కొంతసేపు మగది, తక్కిన వేళలందును రాత్రియు ఆడుది పొదుగును. రెండవ గ్రుడ్డు పెట్టిన పిమ్మట 17, 18 దినములకు పిల్లలు వెడలును. తల్లిదండ్రు లిరువురును మేతసంచిలో ఊరిన పాలవంటి పదార్థమును పిల్లల నోటిలో పోయుదురు. పాలిచ్చు తండ్రి యిట్టి పక్షులలోనే గలడు. అందుచేత తల్లి చచ్చినచో పిల్లలు చావవలసినదే యని భయపడ నక్కఱలేదు. కొన్ని దినములు పెరిగిన పిల్లలను తండ్రియే సాకును.

పిల్ల పుట్టిన సుమారు వారమునకు కాలికి అంకెయు సంవత్సరమును గల కడియమును తొడుగవలెను. ఆలస్యమైనచో పాదము పెద్దదై కడియమెక్కదు. నాలుగు వారములకు పిల్లను వేఱు చేయవచ్చును. సంవత్సరమునకు మూడు ఈతలకు మించి తీయించరాదు. అత్యాశచే ఎడతెగక పొదిగించినచో తల్లి క్షీణించును, పిల్లలు బలహీనములగును. ఏ కడియము పక్షి ఏ జతకు పుట్టినది, ఎంత దూరమునుండి ఎంతసేపటిలో వచ్చినది యను పుస్తకము వ్రాయనివాడు పావురములను పెంచవచ్చును గాని జాతిని వృద్ధి చేయజాలడు.

శిక్షణము, పందెము

వేఱు చేసిన పిల్లలను వారము దినములు గూటిపై తీగెల పంజరములో నుంచి చుట్టుప్రక్కలను చూపవలెను. తరువాత సాయంకాలము మేతకు ముందు, ఆకలితో నున్నప్పుడు తలుపు తీయవలెను. రేకుడబ్బాలో గింజలు వేసి గలగలలాడించి పిలిచి లోపల మేత పెట్టవలెను. ఆ చప్పుడునకు వచ్చుట నేర్చిన పక్షియే పందెమునకు పనికివచ్చును. ఇంటిపై గుంపుగా కొన్ని వారములు ఎగిరిన పిమ్మట, సుమారు మూడు నెలల వయస్సున, బుట్టలో పెట్టి ఒక కిలోమీటరు, రెండు, ఐదు, పది, ఇరువది యిట్లు క్రమముగా దూరము పెంచవలెను. మొదట గుంపుగాను, తరువాత ఒక్కొక్కటిగాను విడువవలెను. మన సీమలో వానలు, మంచు రెండును వెనుకబడిన మాఘ ఫాల్గుణములు దీనికి తగిన కాలము. కొండల చఱియలలో సాళువడేగలు కాచియుండును గనుక, అట్టి చఱియల క్రింద విడువక వెల్లడిచోట విడువవలెను.

పందెములో ముందు వచ్చినదే గెలిచినదని యెంచరాదు. ఒక్కొక్కని యిల్లు ఒక్కొక్క దూరమున నుండును గదా! ఉదాహరణమునకు, ఒకని గూడు విడిచిన చోటికి 24 కిలోమీటర్లు; వాని పక్షి 30 నిమిషములలో వచ్చినది. వేఱొకని గూడు 30 కిలోమీటర్లు. వాని పక్షి 36 నిమిషములలో వచ్చినది. మొదటిది ఆఱు నిమిషములు ముందుగా చేరినను, నిమిషమునకు 800 మీటర్లు మాత్రమే యెగిరినది. రెండవది నిమిషమునకు 833 మీటర్లు ఎగిరినది గనుక గెలుపు దానిదే. దూరమును రోడ్డు వెంట గాక పక్షి యెగురు తిన్నని గీత వెంట కొలువవలెను. ఘాట్‌రోడ్డు మలుపులు పక్షికి లేవు.

పైకము ఒడ్డి ఆడు జూదము 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టముచే నిషేధింపబడినది. అలసిన పక్షిని హింసించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునకు విరుద్ధము. అడవిలోని పచ్చపావురములను, గువ్వలను వలపన్ని పట్టుటయు నేరమే. వేగమును కొలుచుకొని సంతసించుట వేడుక. పొలమును ఒడ్డుట వినాశము.

తెగుళ్లు

మెడ వంకరయై, తల గిరగిర త్రిప్పుచు, నీళ్లవలె విరేచనమగు తెగులు అతి ఘోరమైనది. కోళ్లకు వచ్చు రాణీఖేతునకు ఇది దగ్గఱి చుట్టము. దీనికి టీకా కలదు. పశువైద్యుని అడిగి ముందుగానే వేయించవలెను. కోళ్లదొడ్డిని, పావురాల గూటిని దూరముగా నుంచుట మేలు. నోటిలో పసుపుపచ్చని గడ్డలు లేచి మేత మ్రింగలేని తెగులు కలుషితమైన నీటివలనను, తల్లినోటినుండి పిల్లకును వ్యాపించును. ముక్కు, కన్నులచుట్టు పొక్కులు లేచు మసూచి దోమలవలన వచ్చును. క్రొత్తగా తెచ్చిన పక్షిని మూడు వారములు విడిగా నుంచనివాడు తెగులును బుట్టలో పెట్టి తెచ్చుకొన్నవాడే.

మనుష్యులకును అపాయము కలదు. ఎండిన రెట్టల పొడియు, ఈకల ధూళియు ఏండ్ల తరబడి పీల్చినచో ఊపిరితిత్తులు చెడును. గూటిని ఊడ్చునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, రెట్టలను నీటితో తడిపి గోకవలెను. పడుకొను ఇంటిలో గూడు కట్టరాదు. ఆయాసము గలవారు ఈ పనికి దూరముగా నుండుట మంచిది.

లెక్క, అప్పు మాట

ఇక ఆ యువకుని ప్రశ్నకు వత్తుము. ఆఱు జతలు, అనగా 12 పక్షులు, దినమునకు 360 గ్రాములు తినును. సంవత్సరమునకు 131 కిలోలు. 50 కిలోల బస్తాలు రెండున్నరకు మించును. పిల్లల మేత దీనిలో చేరలేదు. 20 పక్షులైనచో 219 కిలోలు. మెట్టపోడుపై బ్రతుకు కుటుంబమునకు ఇది కొన్ని నెలల తిండిగింజలతో సమానము. వచ్చునది యేమి? రెట్టల యెరువు మంచిది. నత్రజని దండిగా నున్నది. మాగబెట్టి కూరపాదులకు వేసినచో ఫలితము కనబడును. గాని 12 పక్షుల యెరువు ఒక పెరటికి సరిపోవును, పొలమునకు చాలదు. పందెపు పక్షులకు బిరుదులు పొందిన వంశముండవలెను, కొనువారుండవలెను, పందెములు నడపు సంఘములుండవలెను. న్యూ కిమ్ ధర ఒక్క పక్షి ధర కాదు. రెండువందల యేండ్లనుండి ఆ దేశములో పుస్తకములు వ్రాసి జాతిని తీర్చినవారి పనికి వచ్చిన ధర. మన కొండలలో ఆ సంతయు లేదు, ఆ పుస్తకములును లేవు.

వార్తల పని యన్నచో, కొరాపుట్టు కథ చెప్పితిమి. ఇప్పటికిని ఫోను అందని ఊళ్లు మన కొండలలో కలవు. కాని పావురము రాత్రి పోదు, జడివానలో పోదు, ముందుగా మోయనిదే పోదు. పురుటినొప్పులు రాత్రివేళ వచ్చినచో దానిని నమ్మియుండరాదు. అట్టి ఊళ్లవారు అడుగవలసినది పావురములను కాదు, రోడ్డును, ఫోను స్తంభమును.

కావున మా సమాధానమిది. పావురములకొఱకు సంఘము అప్పీయరాదు, సభ్యుడు అడుగరాదు. పంటకై తెచ్చిన అప్పును దీనికి మళ్లించుట మఱింత తప్పు. తన పొలములో మిగిలిన గింజ యున్నవాడు, రెండు జతలతో మొదలిడి, మూడేండ్లు పుస్తకము వ్రాసి, ఆఱు జతలకు మించక పెంచుకొనవచ్చును. అంతమాత్రముచే వేడుక తక్కువ కాదు. సాయంకాలము గూటి క్రింద నిలిచి, ఇరువది కిలోమీటర్ల యవతల విడిచిన పక్షి కొండమీదుగా చుక్కవలె కనబడి, రెక్కలు ముడిచి తన కప్పుపై వ్రాలుట చూచినవానికి ఆ సుఖమెట్టిదో తెలియును.

ఈ సంగతులనే ఆ యువకునికి జాబుగా వ్రాసి పంపితిమి. ఆతడు ప్రత్యుత్తరమున అప్పు మాట యెత్తలేదు. ఒక జత పిల్లలను మాత్రమడిగెను. మా గూటిలో ఈ మాసమున పుట్టిన రెండు పిల్లలకు కడియములు తొడిగి యుంచితిమి. నాలుగు వారములు నిండగానే, అవి మా కప్పుపై నెగురక పూర్వమే, ఆతనికి చేర్చెదము. ఎగిరిన పిమ్మట ఇచ్చినచో ఏమగునో పాఠకులెఱుగుదురు.